విప్పి బిగించాక మొండికేసిన బీగం: లాగొద్దు, ముందు తొయ్యండి

తుప్పు వదిలిద్దామనో, నూనె వేద్దామనో బీగాన్ని విప్పారు. ముక్కలన్నీ మళ్ళీ లోపల సర్ది కొండి నొక్కారు, టక్కుమంది. అంతే, ఇక తెరుచుకోవడం లేదు. ఇదేనా మీ కథ? అయితే ముందు చేతిలో ఉన్న కటింగ్ ప్లేయర్ కింద పెట్టండి. సుత్తి కూడా. చెవి లోపల ఇరుక్కుపోయి ఉంటే దాన్ని అట్లాగే ఉండనివ్వండి, లాగొద్దు, మెలిపెట్టొద్దు. ఇత్తడి చెవి చాలా మెత్తన, అది లోపల విరిగిందంటే పది నిమిషాల పని పూటంతా పడుతుంది.

మా తిరుపతి, చిత్తూరు వైపు తాళంకప్పని బీగం అంటాం, తాళంచెవిని బీగంచెవి అంటాం. ఇందులో చెవి అని రాసిన ప్రతిచోటా బీగంచెవే. కొండి అంటే బీగం పైన వంపు తిరిగిన కడ్డీ, గొళ్ళెంలో దూర్చేది.

నాకు ఇదంతా ఎట్లా తెలిసిందంటే, నేను చెడగొట్టాను కాబట్టి. పాకాల దగ్గర మా ఊళ్ళో మోటారు షెడ్డు బీగం పోయిన నవంబరు వానలకి బాగా తుప్పెక్కింది. మా వైపు గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలవే కదా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బయట ఉన్న ఇనుప సామాను గతి అంతే, 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో పారిన నీళ్ళు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఊరికే ఉండలేక బీగం విప్పి, అన్నీ శుభ్రంగా తుడిచి, మళ్ళీ బిగించి షెడ్డుకి వేసేశాను. వేసే ముందు ఒకసారి తీసి చూశానా? లేదు. మర్నాడు త్రీ ఫేజు కరెంటు వచ్చింది, చెనక్కాయలకి నీళ్ళు కట్టాలి, చెవి పెడితే చిటికెడు తిరిగి ఆగిపోయింది, ముందుకీ పోదు, వెనక్కీ రాదు. నాయన గట్టు మీద కూర్చుని ఏమీ తిట్టలేదు. "నిన్నటి దాకా తుప్పు ఒకటే ఉండింది, బీగం బాగానే ఉండింది" అన్నాడు. దానికంటే నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

ముప్పావు గంట ఆ చెవిని లాగాను. గుడ్డ చుట్టి లాగాను, నూనె పోసి లాగాను. పక్క చేలో మోటారు చూడడానికి వచ్చిన మెకానిక్కు కాసేపు నిలబడి చూసి, "ఏం సామీ, అట్లా లాగతా ఉండావు? లోపలికి తొయ్యి" అన్నాడు. బొటనవేలితో చెవి చుట్టూ ఉన్న ఇత్తడి ముఖాన్ని లోపలికి నొక్కిపట్టి, రెండో చేత్తో చెవిని అటూ ఇటూ వెంట్రుకవాసి కదిలించాడు. ఐదారు సార్లు కదిలించేసరికి లోపల ఏదో టిక్కుమని కూర్చుంది. చెవి తిరిగింది. నేను ఎంత లాగితే అంత బిగుసుకున్నది, తోస్తే వచ్చేసింది.

అందుకే మీరు కూడా అన్నిటికంటే ముందు ఇదే చేసి చూడండి. బీగం లోపల చెవితో పాటు తిరిగే గుండ్రటి ముక్క ఉంటుంది, దాన్ని సిలిండరు అందాం. ఆ సిలిండరు బయటికి జారకుండా వెనకాల ఒక సి ఆకారపు క్లిప్పు పట్టుకుని ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు ఆ క్లిప్పు తన గాడిలో సరిగ్గా కూర్చోకపోతే, మనం చెవి లాగినప్పుడల్లా సిలిండరు కూడా కొంచెం ముందుకి వచ్చేస్తుంది, దాని బొక్కలూ బాడీ బొక్కలూ ఒకదానికొకటి తప్పిపోతాయి, పిన్నులు మధ్యలో నలుగుతాయి. లాగే కొద్దీ ముదురుతుంది. వేలి గోటితో సిలిండరు ముఖాన్ని తడిమి చూడండి, చుట్టూ ఉన్న బాడీ కంటే అది ఒక కాగితం మందం ముందుకి వచ్చినట్టు తగిలితే మీ జబ్బు ఇదే. బొటనవేలు చాలకపోతే చిన్న చెక్కముక్క ఆనించి తొయ్యండి, చెక్కకి చెవి మందాన గాడి చేసుకుంటే చెవిని తప్పించుకుని నొక్కొచ్చు.

అది కాకపోతే, ఇక ఏ ముక్క ఎక్కడ తప్పు కూర్చుందో పట్టుకోవాలి, అది బీగమే చెబుతుంది, ఎట్లా ఇరుక్కుందో చూస్తే చాలు. ముందు మీది ఏ రకమో చూసుకోండి. చెవి అంచు కొండల వరసలాగా ఎగుడుదిగుడుగా ఉంటే పిన్నుల బీగం. చెవి గుండ్రటి కడ్డీలా ఉండి, చివర పళ్ళున్న చిన్న జెండాముక్క ఉంటే అది రేకుల బీగం, అంగట్లో లివర్ లాక్ అంటారు. రేకుల సంగతి తర్వాత, దానికి వేరే పద్ధతి.

పిన్నుల బీగంలో పని ఇట్లా జరుగుతుంది. సిలిండరుకీ, అది కూర్చునే గూటికీ మధ్య ఉన్న అంచుని పొలం గట్టు అనుకోండి. గట్టుకి ఇవతల చెవిని తాకే పిన్నులు, అవతల స్ప్రింగు పిన్నులు, వాటి వెనక స్ప్రింగులు. సరైన చెవి పెడితే ప్రతి జతా సరిగ్గా గట్టు దగ్గరే విడిపోయి ఎవరి చేలో వాళ్ళు ఉంటారు, అప్పుడు సిలిండరు తిరుగుతుంది. ఒక్క పిన్ను గట్టుకి అడ్డంగా పడుకున్నా అది కదలదు. 1860ల్లో అమెరికాలో లైనస్ యేల్ పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది, మీ పెట్టెకి వేసే చిన్న ఇత్తడి బీగంలో ఉన్నదీ ఇదే. కాబట్టి మనం వెతకాల్సింది కూడా ఒకటే, గట్టు మీద ఎవరు కూర్చున్నారు అని.

చెవి పూర్తిగా లోపలికే పోవడం లేదంటే, ఒక చెవి పిన్ను తలకిందులుగా పడి ఉంటుంది, లేదా స్ప్రింగు నలిగి అడ్డం పడి ఉంటుంది. చెవిని తాకే పిన్నులకి ఒక కొన మొనదేలి ఉంటుంది, ఆ మొన చెవి వైపు ఉండాలి. మొన లేని కొన చెవి వైపు పెడితే చెవి వచ్చి దానికి గుద్దుకుంటుంది. బలంగా పొడవొద్దు. బీగాన్ని తిరగేసి, పిన్నులు స్ప్రింగుల వైపు పడేలా పట్టుకుని, స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో బాడీ మీద చిన్నగా తడుతూ, తట్టిన ప్రతిసారీ చెవిని ఒక పిసరు లోపలికి పోనివ్వండి. పిడితోనే తట్టండి, ఇనుముతో ఇనుముని కొట్టొద్దు.

చెవి పూర్తిగా పోతుంది కానీ సిలిండరు అసలు తిరగడం లేదు. ఇది ఎక్కువమంది చేసే తప్పు, పిన్నుల వరస మారిపోవడం. చెవిలో లోతైన కోత ఉన్నచోట పొడుగు పిన్ను, ఎత్తుగా ఉన్నచోట పొట్టి పిన్ను ఉండాలి. రెండు తారుమారైతే ఒకటి గట్టు దాటి అవతలికి పొడుచుకుంటుంది, ఇంకొకటి గట్టు కిందే ఉండిపోయి దాని స్ప్రింగు పిన్నుని ఇవతలికి దిగనిస్తుంది. ఇట్లా మూసుకున్న బీగాన్ని తెరవడానికి ఓపిక కావాలి. చెవిని తిరిగే వైపుకి చాలా తేలిగ్గా, చిటికెన వేలి బలంతో అదిమిపట్టి, ఒక మిల్లీమీటరు వెనక్కి, మళ్ళీ ముందుకి ఆడిస్తూ, మధ్యమధ్యలో పిడితో తడుతూ ఉండండి. అదిమే బలం ఎక్కువైతే పిన్నులు బిగుసుకుని కదలవు, అందరూ అక్కడే చెడతారు. నా అనుభవంలో ఒకటి రెండు పిన్నులు మారినప్పుడు వచ్చేస్తుంది, అన్నీ కలగాపులగమైతే రాదు. అరగంట చూసి రాకపోతే పట్టుదలకి పోకుండా చివర రాసిన దారికి పోండి.

ఇంకొకటి భలే తమాషాగా ఉంటుంది. చెవి తలకిందులుగా, అంటే సగం చుట్టు తిరిగి, అక్కడ కదలకుండా ఆగిపోయి ఉంటుంది. బిగించాక సరదాకి సిలిండరుని గిరగిరా తిప్పి చూసినవాళ్ళకి వచ్చే ఇబ్బంది ఇది. సగం చుట్టు తిరిగేసరికి చెవి దూరే సందు స్ప్రింగు పిన్నుల కిందికి వస్తుంది, అవి టపటపా ఆ సందులోకి దిగిపోతాయి. దీనికి చెవి వీపుకీ ఆ పిన్నులకీ మధ్య పలచటి రేకు ముక్క దూర్చి పిన్నుల్ని పైకి నొక్కాలి. కూల్‌డ్రింక్ డబ్బా రేకుని కత్తెరతో 3 మిల్లీమీటర్ల వెడల్పున, అగ్గిపుల్ల కంటే కొంచెం పొడుగ్గా కత్తిరించండి, అంచులు చేతికి గీసుకుంటాయి, జాగ్రత్త. అది చెవి వీపు మీదుగా చివరి దాకా పోయిందంటే పిన్నులన్నీ పైకి పోయినట్టే, ఇప్పుడు రేకుతో సహా చెవిని మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది. డబ్బా రేకు మెత్తన కాబట్టి రెండు మూడు ముక్కలు పాడవుతాయి, కారు వైపరు రబ్బరు పక్కన ఉండే సన్నటి స్టీలు పట్టీ దొరికితే ఇంకా మంచిది.

చెవి హాయిగా తిరుగుతోంది, కొండి మాత్రం రావడం లేదంటే మాత్రం పిన్నుల తప్పేం లేదు, వాటిని ముట్టుకోకండి. సిలిండరు వెనకాల ఒక తోక ఉంటుంది, అది తిరిగినప్పుడు కొండి కాళ్ళ గాట్లలో ఇరికి ఉన్న నాలుకలు గానీ, సైకిల్ బాల్స్‌లాంటి రెండు గుండ్లు గానీ వెనక్కి తప్పుకోవాలి. ఆ తోక పావు చుట్టు తేడాగా కూర్చుని ఉంటే లెక్క తిరగబడుతుంది, మీరు తెరిచాననుకున్నప్పుడు మూసుకుంటుంది, మూసినప్పుడు తెరుచుకుంటుంది. అందుకని చెవిని కొంచెం కొంచెం తిప్పుతూ ప్రతి చోటా కొండిని లాగి చూడండి, చెవి బయటికి తీసే స్థానంలో కూడా లాగి చూడండి, చాలామంది అక్కడ చూడరు. లాగేముందు కొండిని ఒకసారి లోపలికి గట్టిగా అదిమి పట్టడం మర్చిపోవద్దు, కొండి పైకి తన్నుతుంటే నాలుక మీద బరువు పడి కదలదు, అదిమితే వదులవుతుంది. అదిమి, చెవి తిప్పి, తిప్పిన చెవిని అట్లాగే పట్టుకుని బీగం పక్కభాగాన్ని చెక్క మీద రెండు సార్లు కొట్టి, అప్పుడు లాగండి. తలుపుకి వేలాడుతున్న బీగమైతే చెక్కముక్కనే బీగానికి కొట్టాలి, వేరే దారి లేదు.

సరే, తెరుచుకుంది. వెంటనే మళ్ళీ నొక్కేయకండి. ఈ మాట నాకు నేను చెప్పుకుంటున్నాను. తెరుచుకున్న బీగాన్ని తప్పు ఎక్కడుందో చూసి సరిచేసేదాకా కొండి నొక్కొద్దు, ఎందుకంటే స్క్రూ పెట్టి బిగించిన బీగాల్లో ఆ స్క్రూ ఉండేది కొండి పొట్టి కాలు దిగే బొక్క అడుగున. టార్చి వేసి చూస్తే కనబడుతుంది. కొండి మూసుకుంటే దాని కాలే స్క్రూని కప్పేస్తుంది. దొంగ విప్పకుండా చేసిన ఏర్పాటు, సొంతదారుకే తగులుకుంటుంది. మీ బీగానికి ఆ స్క్రూ లేదు, బాడీ మీద ఒక వరసలో ఇత్తడి చుక్కలు మాత్రం ఉన్నాయి అంటే, అది విప్పడానికి చేసింది కాదు, ఆ చుక్కలు పిన్నుల బొక్కలకి కొట్టిన బిరడాలు. దాన్ని డ్రిల్లుతో విప్పి ఉంటే పారేసి కొత్తది కొనుక్కోండి, నిజంగా, దానిమీద ఆదివారం పోగొట్టుకోవడం దండగ.

స్క్రూ ఉన్నదైతే మంచం మీద తెల్ల తువ్వాలు పరిచి కూర్చోండి. నేల మీద కూర్చుంటే స్ప్రింగు ఎగిరి బీరువా కిందికే పోతుంది, ఇంకెక్కడికీ పోదు. నేనైతే రెండోసారి పెద్ద ప్లాస్టిక్ కవరులో చేతులు పెట్టి విప్పాను, ఎగిరినా కవరులోనే ఉంటుందని. ముక్కలు పెట్టుకోవడానికి గుంత పొంగణాల పెనం తీసుకున్నాను, ఒక్కో గుంతలో ఒక్కో పిన్ను, దాని జత, దాని స్ప్రింగు, వరస తప్పకుండా ఎడమ నుంచి కుడికి. అమ్మకి చెప్పకుండా తీసుకున్నాను, తర్వాత చింతపండుతో తోమి ఇచ్చాను, అది వేరే విషయం. ఇంకా, ప్రతి ముక్కా తీసేముందు ఫోనులో ఒక ఫొటో. తోక ఎటు తిరిగి ఉందో, క్లిప్పు నోరు ఎటు ఉందో రేపటికి గుర్తుండదు, గుర్తుంటుందనే అనిపిస్తుంది కానీ ఉండదు.

సిలిండరుని బయటికి తీసేటప్పుడూ, లోపలికి పెట్టేటప్పుడూ ఒక్కటే కిటుకు, చెవిని నిటారుగా ఉంచొద్దు, గడియారంలో 12 దగ్గర ఉన్న ముల్లుని 1 దగ్గరికి తిప్పినంత వాలుగా ఉంచాలి. నిటారుగా తోస్తే సిలిండరులోని ఒక్కో బొక్క దాటేటప్పుడల్లా స్ప్రింగు పిన్ను అందులోకి దూకుతుంది, అంతే సంగతులు, మళ్ళీ మొదటికి. తీసేటప్పుడు వెనకాలే అదే లావున్న చెక్క కడ్డీనో, పాత స్కెచ్ పెన్నునో తోసుకుంటూ రండి, సిలిండరు వదిలిన ఖాళీని కడ్డీ నింపితే స్ప్రింగు పిన్నులు ఉన్నచోటే ఉంటాయి. కడ్డీకీ సిలిండరుకీ మధ్య సందు రానివ్వకండి. స్ప్రింగు పిన్నులు ఇప్పటికే బయట పడిపోయి ఉంటే, కడ్డీని కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ ఒక్కో బొక్కలో ముందు స్ప్రింగు, దాని మీద పిన్ను పెట్టి, కనుబొమలకి వాడే పట్టకారుతో అదిమి కడ్డీ కిందికి దాటించాలి. మొదటి రెండూ చిరాకు తెప్పిస్తాయి, మూడోదానికి చెయ్యి కుదురుకుంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. సిలిండరు చేతిలో ఉంది, చెవి పూర్తిగా లోపల పెట్టండి, చెవి పిన్నుల్ని మొన లోపలికి ఉండేలా ఒక్కో బొక్కలో వెయ్యండి. బొటనవేలి గోరుని సిలిండరు మీద ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా లాగండి. గోరు ఎక్కడా తట్టుకోకుండా, ఎక్కడా గుంతలో పడకుండా నున్నగా జారిపోవాలి. తట్టుకుంటే అక్కడ పిన్ను పొడుగు, పడితే పొట్టి. సాధారణంగా ఒకచోట తట్టుకుందంటే ఇంకొకచోట పడుతుంది, ఆ రెండూ ఒకదాని చోటు ఒకటి మార్చుకున్నాయన్నమాట, మార్చి మళ్ళీ గోరు లాగండి. కంటికి కనబడని తేడా గోటికి తెలుస్తుంది. నేను మొదటిసారి ఈ ఒక్క పని చేసి ఉంటే నాయన దగ్గర ఆ మాట పడి ఉండేవాణ్ణి కాదు, ఎందుకంటే క్లిప్పు సంగతి అటుంచి, విప్పి చూస్తే నావి రెండు పిన్నులు కూడా తారుమారుగానే ఉన్నాయి, అరిగిన పాత బీగం కాబట్టి ఎట్లాగో తిరిగింది.

పిన్ను ఒకటి పోయిందా? దాని స్ప్రింగునీ, జతనీ కూడా వదిలేసి మిగతావాటితో బిగించెయ్యొచ్చు. బీగం పని చేస్తుంది, కాకపోతే భద్రత కొంచెం తగ్గుతుంది. మేకు ముక్క కోసి పెట్టేవాళ్ళని చూశాను, అది పెట్టకండి, ఇనుము తుప్పు పట్టి అక్కడే అంటుకుపోతుంది.

అన్నీ లోపల పెట్టి, క్లిప్పు గాడిలో టిక్కుమని కూర్చున్నదాకా నొక్కి, స్క్రూ బిగించాక కూడా కొండి నొక్కొద్దు. కొండి తెరిచే ఉంచి చెవితో పదిసార్లు తిప్పి, చెవి తీసి మళ్ళీ పెట్టి చూడండి. నాలుకో గుండ్లో కదులుతున్నాయా లేదా కొండి బొక్కలోంచి చూడండి. తర్వాత కొండి నొక్కండి, అదీ చేతిలో, గొళ్ళేనికి వేసి కాదు. చేతిలో మూసుకుపోయిన బీగం వల్ల ఎవరికీ నీళ్ళు ఆగిపోవు.

రేకుల బీగం సంగతికి వద్దాం. మా వైపు పాత ఇళ్ళల్లో, ధాన్యం కొట్లకీ భోషాణాలకీ ఉండేవి ఇవే, చాలావరకు తమిళనాడులోని దిండిగల్ నుంచి వచ్చినవి, చేత్తో చేసే ఆ బీగాలకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అందులో మామిడికాయ ఆకారంలో ఉండే బీగం ఒకటుంది, మామిడితోటల చిత్తూరులో అది చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. లోపల ఒక మేకుకి గుచ్చిన రేకులు ఒకదానిమీద ఒకటి ఉంటాయి, ఒక్కో రేకుకి ఒక పట్టీ స్ప్రింగు, ఒక కిటికీ. చెవి పళ్ళు ఒక్కో రేకుని ఒక్కో ఎత్తుకి లేపితే కిటికీలన్నీ ఒక వరసలోకి వస్తాయి, అప్పుడు కొండిని పట్టి ఉంచే గడియ ముక్కకి ఉన్న బొడిపె వాటిలోంచి జారుతుంది. 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ అనే ఆయన పేటెంటు చేసిన తెలివి ఇదే, రేకుని లేపితే చాలదు, తక్కువ లేపినా ఎక్కువ లేపినా తెరుచుకోదు. అందుకే రేకుల వరస ఒక్కటి మారినా మీ సొంత చెవి కూడా దొంగచెవి అయిపోతుంది.

వీటికి ఒక సుఖం ఉంది, వెనక మూత తీస్తే అన్నీ ఎదురుగా కనబడతాయి. స్క్రూలున్న మూతైతే, మూసుకుపోయినా విప్పొచ్చు, సన్నటి స్క్రూడ్రైవరుతో రేకులన్నిటినీ కలిపి పైకి లేపుతూ గడియ ముక్కని ఇంకో చేత్తో వెనక్కి జరిపితే కొండి వచ్చేస్తుంది. రివెట్లు కొట్టిన మూతైతే ఆకురాయితో రివెట్టు తలలు రాయాలి, అదొక గంట పని. తిరిగి పేర్చేటప్పుడు అన్నీ ఒకేసారి పెట్టకండి. ముందు గడియ ముక్క, ఒక్క రేకు, చెవి తిప్పండి. బొడిపె కిటికీలోంచి సాఫీగా పోయిందా? రెండో రేకు పెట్టండి, మళ్ళీ తిప్పండి. మూడో రేకు దగ్గర ఆగిందంటే తప్పు మూడో రేకుదే, దాన్ని తీసి ఇంకొకటి పెట్టి చూడండి, లేదా బోర్లా పడిందేమో చూడండి. పట్టీ స్ప్రింగు కొన బాడీ గోడకి ఆని ఉండాలి, పక్క రేకు మీదికి ఎక్కకూడదు. అన్నీ కుదిరాక కూడా వెంటనే రివెట్టు కొట్టొద్దు, మూతని చేత్తోనో బట్టల క్లిప్పులతోనో పట్టి చెవి తిప్పి చూసుకుని, అప్పుడు కొట్టండి.

నూనె గురించి ఒక మాట, ఎందుకంటే సగం బీగాలు విప్పాల్సిన గతి పట్టేదే దాని వల్ల. కొబ్బరినూనె, వంటనూనె వెయ్యకండి. మొదటి వారం బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత దుమ్ము పట్టి జిగురులా తయారై పిన్నుల్ని పట్టేస్తుంది, నేను విప్పిన బీగంలో నల్లటి హల్వాలాంటిది వచ్చింది. పిన్నుల బీగానికి పెన్సిల్ ముల్లు బ్లేడుతో గీకితే వచ్చే పొడి చాలు, చెవికి రాసి పదిసార్లు పెట్టి తియ్యండి. రేకుల బీగానికి, కొండి కాళ్ళకి కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క. పొడీ నూనే రెండూ ఒకే చోట కలపొద్దు, పేస్టు అయిపోతుంది. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే తుప్పు వదలడానికి, లోపలి తడి పోవడానికి బాగుంటుంది, కానీ దాన్నే నూనె అనుకుని వదిలెయ్యకండి, త్వరగా ఆరిపోతుంది.

ఇన్ని చేసినా రాలేదు అంటే, బీగాన్ని కోసేముందు గొళ్ళెం వైపు చూడండి. షెడ్డు తలుపులకి గొళ్ళెం చాలాసార్లు నాలుగు స్క్రూలతోనో రెండు బోల్టులతోనో ఉంటుంది, లోపలివైపు నుంచో పక్కనుంచో స్పానరు అందితే అది విప్పెయ్యడమే తేలిక, బీగాన్ని ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చూడొచ్చు. కొయ్యాలంటే కొండి మీద హాక్సా బ్లేడు రెండు సార్లు లాగి చూడండి, గీత పడితే కోయండి, బ్లేడు గాజు మీద జారినట్టు జారిపోతే అది గట్టిపరిచిన ఉక్కు, మీ వల్ల కాదు, గ్రైండరు ఉన్న వెల్డింగు షాపువాళ్ళని పిలవాలి. నిప్పురవ్వలు పడతాయి, షెడ్డులో డీజిలు, గడ్డి ఉంటే ముందే చెప్పండి. టౌనులో ఉంటే దీనికంటే ముందు పేవ్‌మెంటు మీద చెవుల గుత్తులు వేలాడదీసుకుని కూర్చునేవాళ్ళని అడగండి, మీరు విప్పి చెడగొట్టారని దాచకుండా చెబితే వాళ్ళ పని సగం తగ్గుతుంది, తుప్పు పట్టిందని అబద్ధం చెబితే నూనె పోసుకుంటూ కూర్చుంటారు.

చెవి లోపలే విరిగిపోయి ఉంటే సన్నటి ఫ్రెట్ సా బ్లేడు ముక్కని, పళ్ళు మీవైపు వాలి ఉండేలా, చెవి పక్కనుంచి దూర్చి, కొంచెం మెలితిప్పి లాగండి, పళ్ళు చెవి కోతల్ని పట్టుకుంటాయి. లాగడం పనికొచ్చేది ఇక్కడొక్కచోటే. అదీ సిలిండరు నిటారుగా ఉన్నప్పుడే వస్తుంది, వాలుగా ఉంటే పిన్నులు వదలవు.

మా షెడ్డు బీగానికి ఇప్పుడు పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి గొడుగులా కట్టాను, వాన చెవి రంధ్రంలోకి పోకుండా. బీగం బాగానే పని చేస్తోంది. నాయన మాత్రం రెండో చెవితో పాటు ఒక స్పానరు కూడా నడుముకి కట్టుకుని పోతున్నాడు, గొళ్ళెం బోల్టులకి సరిగ్గా సరిపోయే సైజు.